సంతకం నేను పెట్టను

మా వీధి ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో మళ్ళీ అదే ఫార్వర్డ్. టవర్ కడితే పిల్లల మెదడు పాడైపోతుందట, అందరూ సంతకాలు పెట్టాలట. నేను పెట్టలేదు. ఎందుకో చదివి, అప్పుడు తిట్టండి.

భయమంతా ఉత్తిదని నేననను. 2011లో అమెరికాలో నోరా వోల్కో బృందం 47 మందిని పరీక్షించింది. కాల్‌లో ఉన్న ఫోన్‌ని, మాట వినపడకుండా, 50 నిమిషాలు చెవి దగ్గర ఉంచారు. యాంటెన్నా పక్కనున్న మెదడు భాగం 7 శాతం ఎక్కువ గ్లూకోజు వాడుకుంది. అంటే మెదడుకి తెలుస్తోంది. అది హాని అని మాత్రం ఆ పరీక్ష చెప్పలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన సమీక్షలో, 2024లో, మొబైల్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కీ సంబంధం కనపడలేదు.

ఇంకోటి చూడండి. ఆ 7 శాతం చెవి దగ్గరున్న ఫోన్ వల్ల వచ్చింది, టవర్ వల్ల కాదు. కొండకి అవతలున్న మనిషిని పిలవాలంటే గొంతు చించుకుంటాం కదా, సిగ్నల్ అందని ఫోన్ కూడా అంతే. టవర్ దూరమైతే ఫోన్ ఇంకా ఎక్కువ శక్తితో తరంగాలు వదులుతుంది, అదీ మన చెవి పక్కనే. పైగా మన దేశంలో టవర్ల పరిమితి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతే.

అరకు శుక్రవారం సంతలో చీపుర్లమ్మే ఒకావిడ చెప్పింది. కోడలికి నొప్పులొస్తే, 108కి ఫోన్ చెయ్యడానికి కొడుకు కొండెక్కాడట. రోడ్డు దాకా డోలీ ఎలాగూ తప్పదు. ఫోన్ కలవక పోయిన ఆ గంట ఎవరిస్తారు? 2023 జూన్‌లో మారుమూల ప్రాంతాలకి 100 టవర్లు ప్రారంభిస్తే, అందులో ఎక్కువ మన అల్లూరి జిల్లాకే వచ్చాయి. ఇంకా సిగ్నల్ లేని ఊళ్ళున్నాయి. ఇంట్లో వైఫై పెట్టుకుని మనం పడే భయానికి ఖరీదు వాళ్ళు కట్టాలా?

జాగ్రత్త కావాలంటే మన చేతిలోనే ఉంది. స్పీకర్ పెట్టి మాట్లాడండి. ఒక్క గీతే సిగ్నల్ ఉన్నప్పుడు కబుర్లు తగ్గించండి. దిండు కింద ఫోన్ తీసెయ్యండి. పిల్లల నిద్ర పాడు చేస్తున్నది ఊరవతల టవర్ కాదు, అర్ధరాత్రి దాకా మనమే వాళ్ళ చేతిలో ఉంచుతున్న రీల్స్.

ఆ కాగితం మళ్ళీ మా గుమ్మానికి తెస్తే కాఫీ ఇస్తాను. సంతకం మాత్రం ఇవ్వను.