జున్ను మనకు, చావు దూడకా?

రైతు సోదరులారా, ఇవాళ కొంచెం కోపంగానే రాస్తున్నా. ఏమనుకున్నా సరే, చివరిదాకా చదవండి.

గేదె ఈనిందంటే చాలు, దూడ లేచి నిలబడకముందే చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ జున్నుపాల గిన్నెలు వెళ్తాయి. మిగిలింది దూడకు. అదీ మాయ పడ్డాకే. "ముందే తాగిస్తే పారుడు పడుతుంది" అని మా నాయన చెప్పేవాడు. నేనూ అలాగే చేశా. పదకొండేళ్ల కిందట మా ఇంట్లో మంచి పెయ్యదూడ పుట్టింది. మాయ రాత్రికి గానీ పడలేదు, అప్పటిదాకా దాన్ని తల్లి దగ్గరకు పోనివ్వలేదు. తొమ్మిదో రోజు పారుడు. పన్నెండో రోజు పూడ్చిపెట్టా. దిష్టి అన్నారు. దిష్టి కాదు, నా చేతులారా చేసుకున్నదే.

తర్వాత పశువుల డాక్టరు గారు చెబితే తెలిసింది. గేదె కడుపులో ఉండగా తల్లి రక్తంలోని రక్షణ దూడకు అందదు. అది ముర్రుపాలలోనే వస్తుంది. దాన్ని పీల్చుకునే శక్తి దూడ పేగుకు గంట గంటకూ తగ్గిపోయి, 24 గంటలు దాటితే ఇక ఉండదు. అందుకే పుట్టిన గంటలోపే తాగించాలి. 30 కిలోల దూడకు మొదటి రోజు 3 లీటర్లు, మూడు నాలుగు సార్లుగా. దూడ చీకితే మాయ పడటానికీ సాయమే. జున్ను తినొద్దనడం లేదు. దూడ కడుపు నిండాక మిగిలినవి వండుకోండి.

ఇక రెండో పాపం. పాలకేంద్రం టైము అయిందని దూడను ఒక్క నిమిషం వదిలి, గేదె చేపగానే లాగి కట్టేస్తాం. దూడకు ఒట్టి పొదుగు. "పాలన్నీ దానికే పోస్తే మేమేం తినాలి?" అంటారు. లెక్క వేద్దాం. మొదటి నెల బరువులో పదో వంతు, రెండో నెల పదిహేనో వంతు, మూడో నెల ఇరవయ్యో వంతు పాలు చాలు. మొత్తం 300 లీటర్ల లోపే. లీటరు 60 అనుకున్నా 18,000. రెండో వారం నుంచే గుప్పెడు దాణా, లేత పచ్చిగడ్డి, మంచినీళ్లు పెడితే పొట్ట త్వరగా మేతకు అలవాటు పడుతుంది. పది పదిహేను రోజులకే డాక్టరును అడిగి నట్టల మందు పోయండి. గేదె దూడకు తల్లి పాలలోనే ఏలికపాములు వస్తాయి. తర్వాత ఆరు నెలల దాకా నెలనెలా.

ఇంత చెయ్యం. ఇంట్లో పెయ్యను ఎండబెట్టి చంపుకుంటాం, తర్వాత అప్పు చేసి లక్షకు పైగా పోసి హర్యానా గేదెను లారీలో తెచ్చుకుంటాం. ఇదేం తెలివండీ?

"దున్నదూడ అయితే?" అంటారా? అది చస్తే గేదె చేపదు, తంతుంది. అప్పుడు గడ్డి కుక్కిన దూడతోలు ముందు పెడతాం, లేదంటే సూది పొడుస్తాం. దూడ బతికుంటే ఆ ఖర్మ లేదు కదా!

నేను మారాక మా కొట్టంలో ఉన్న మూడు గేదెల్లో రెండు ఇంట్లో పుట్టినవే. గొప్ప చెప్పుకోవడం కాదు, ఆ పెయ్య బతికుంటే అది కూడా ఉండేదనే బాధ.

ఈ నెలలో మీ గేదె ఈనబోతుంటే, గిన్నె పట్టుకునేముందు దూడను పొదుగు దగ్గర పెట్టండి. మాయ గురించి మీ ఇంట్లో పెద్దవాళ్లు గొడవ చేస్తే ఈ పోస్టు చదివి వినిపించండి.