జొన్న పోయినది, చొప్ప యేది?

గోదావరి యుత్తరవాహినియై పారు చెన్నూరు చుట్టుపట్ల నల్లరేగళ్లలో నేడు కానవచ్చునది ప్రత్తియే. ఒకప్పు డీ యాదిలాబాదు సీమ జొన్నగట్క త్రాగి, జొన్నరొట్టె తిని బ్రతికిన సీమ. గింజ మనుష్యునకు, చొప్ప యెద్దునకు. ఒక్క చేనే యిరువురిని పోషించెడిది. ప్రత్తి రూకల నిచ్చును గాని పశువునకు గడ్డిపోచ నీయదు. కోతయంత్రములు వచ్చిన పిదప వరిగడ్డియు చాలవరకు మళ్లలోనే మిగిలి యగ్నిపాలగుచున్నది. ఇక పాడి యెట్లు నిలుచును? పాలపొట్లము కత్తిరించుకొను పట్టణవాసులకును ఈ ప్రశ్న పరాయిది కాదు.

ఇందుకు జొన్నజాతియందే యొక యుపాయ మున్నది. 1909లో అమెరికా వ్యవసాయశాఖవారు సూడానునుండి తెప్పించుకొనిన సన్నకాడ గడ్డిని జొన్నతో సంకరము చేయగా, కోసినకొలది పిలకలు వేయు పశుగ్రాసము పుట్టినది. మొదటికోత రెండు నెలలకు. పిదప, నీటివసతి యున్నచో, నెలన్నర కొక కోత. పంత్‌నగరమున రూపొందిన సి.ఎస్.హెచ్. 24 ఎం.ఎఫ్. ఈ తెగదే.

అయితే ఇచ్చట మే మొకమాట నిర్మొగమాటముగ చెప్పవలసియున్నది. సంకర విత్తనమును ఏటేట అంగడిలో కొనవలసినదే. దాని గింజను దాచి చల్లినచో తల్లిగుణము నిలువదు. ప్రత్తివిత్తనపు సంచులకు బాకీపడిన రైతును గడ్డివిత్తనమునకును బాకీపెట్టుట మేలా? కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయము 2001లో విడుదల చేసిన కో.ఎఫ్.ఎస్. 29 కూడ సూడాను గడ్డి సంపర్కమున పుట్టినదే. కాని యది స్థిరపడిన రకము. తక్కిన జొన్నకు దూరముగ నొక మూల కంకికి వదలినచో రైతే విత్తనము కట్టుకొనవచ్చును. ప్రభుత్వము రాయితీ యిచ్చినచో నిట్టి విత్తనమునకే యీయవలెను.

నాము సంగతి మరవరాదు. లేతజొన్నయో, వానలు లేక వాడిన పైరో మేసిన పశువు చూచుచుండగనే కూలుట మన పెద్ద లెరిగినదే. అందులో పుట్టు సయనైడు విషమే దానికి హేతువు. సూడాను సంకరములం దది జొన్నకంటె తక్కువయే గాని లేకపోలేదు. పైరు నడుమెత్తు దాటనిదే పశువునకు వేయరాదు. కోతకాళ్లనుండి క్రొత్తగా చివురించిన పిలకలలోనికి మందను తోలరాదు. కోసి బాగుగ నెండించినచో విషము చాలవరకు తగ్గును.

బావియో బోరో యున్న రైతు ప్రత్తిలో పది గుంటలు తగ్గించుకొనిన కొంప మునుగదు. ఈ యాసంగిలోనే చెన్నూరు పశువైద్యశాలవారు ఒక్క మడిలో దీనిని పెంచి చూపినచో, తక్కినది రైతులే చూచుకొందురు.