దర్యాప్తు చేతులు మారేదెప్పుడు?

మంథని/ఆదిలాబాద్: పట్టపగలు నడిరోడ్డుపై జరిగిన జంట హత్యల కేసు సీబీఐ చేతికి వెళ్లడానికి నాలుగున్నరేళ్లు పట్టింది. హైకోర్టు న్యాయవాదులైన గట్టు వామన్‌రావు, నాగమణి దంపతులను 2021 ఫిబ్రవరి 17న పెద్దపల్లి జిల్లా రామగిరి మండలం కల్వచర్ల వద్ద దుండగులు కత్తులతో దాడిచేసి హతమార్చిన ఉదంతం విదితమే. 2025 ఆగస్టు 12న సుప్రీంకోర్టు ఈ కేసును సీబీఐకి అప్పగించింది. ఏ కేసును స్థానిక పోలీసుల వద్దే ఉంచాలి, దేనిని కేంద్ర సంస్థకు మార్చాలి అన్న ప్రశ్న దీనితో మళ్లీ ముందుకు వచ్చింది. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో జరిగిన మూడు ఉదంతాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఇందుకు సమాధానం కొంతవరకు దొరుకుతుంది.

చట్టం ఏమంటోంది?

రాజ్యాంగం ప్రకారం పోలీసు వ్యవస్థ రాష్ట్ర జాబితాలోని అంశం. సీబీఐకి అధికారాలు కల్పించే 1946 నాటి ఢిల్లీ ప్రత్యేక పోలీసు వ్యవస్థ చట్టంలోని 6వ సెక్షన్ ప్రకారం, రాష్ట్ర ప్రభుత్వ సమ్మతి లేనిదే ఆ సంస్థ రాష్ట్రంలో దర్యాప్తు చేపట్టరాదు. తెలంగాణ ప్రభుత్వం తన సాధారణ సమ్మతిని 2022 ఆగస్టులో ఉపసంహరించుకుంది. అయితే కోర్టుల అధికారానికి ఈ ఆటంకం వర్తించదు. పశ్చిమ బెంగాల్‌కు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2010 ఫిబ్రవరి 17న ఈ విషయాన్ని తేల్చిచెప్పింది. రాష్ట్రం అంగీకరించకపోయినా 32వ అధికరణం కింద సుప్రీంకోర్టు, 226వ అధికరణం కింద హైకోర్టు సీబీఐ దర్యాప్తునకు ఆదేశించవచ్చునని ఐదుగురు న్యాయమూర్తులు తీర్పునిచ్చారు. అదే తీర్పులో ఒక హెచ్చరిక కూడా ఉంది. ఈ అధికారాన్ని అరుదుగా, ఆచితూచి వాడాలని, ఎవరో స్థానిక పోలీసులపై ఆరోపణ చేసినంత మాత్రాన కేసు మార్చరాదని ధర్మాసనం స్పష్టం చేసింది. ఉన్నత స్థాయి అధికారుల ప్రమేయం ఉన్న కేసులు, దర్యాప్తు సంస్థ పెద్దలపైనే ఆరోపణలు వచ్చిన కేసులు మార్పునకు తగినవని 2013లో కె.వి.రాజేంద్రన్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది.

స్థానికులే చాలిన కేసు

2019 నవంబరు 24న కుమురంభీం ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలం ఎల్లాపటార్ వద్ద ఓ దళిత మహిళ సామూహిక అత్యాచారానికి, హత్యకు గురయ్యారు. ఊరూరా తిరిగి చిన్న వస్తువులు అమ్ముకుని బతికే కుటుంబం ఆమెది. పోలీసులు ఆమెకు 'సమత' అని పేరు పెట్టారు. జిల్లా పోలీసులే నిందితులను పట్టుకున్నారు, సాక్ష్యాలు సేకరించారు, అభియోగపత్రం దాఖలు చేశారు. ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టు 2020 జనవరి 30న ముగ్గురికి మరణశిక్ష విధించింది. నేరం జరిగిన రెండు నెలల పైచిలుకు కాలంలోనే తీర్పు వెలువడటం గమనార్హం. గూడెం దారులు, స్థానిక భాషలు, సాక్షుల ఇళ్లు తెలిసినవారు స్థానిక పోలీసులే. వారికి, నిందితులకు మధ్య ఎలాంటి బంధమూ లేనప్పుడు కేసును దూరం పంపితే ఒరిగేదేమీ ఉండదు.

పోలీసులే ప్రతివాదులైతే

2010 జూలై మొదటి వారంలో ఆదిలాబాద్ జిల్లా వాంకిడి మండల అడవుల్లో మావోయిస్టు అగ్రనేత చెరుకూరి రాజ్‌కుమార్ అలియాస్ ఆజాద్, పాత్రికేయుడు హేమచంద్ర పాండే ఎన్‌కౌంటర్‌లో మరణించినట్లు పోలీసులు ప్రకటించారు. ఇది బూటకమంటూ స్వామి అగ్నివేశ్, పాండే భార్య సుప్రీంకోర్టును ఆశ్రయించారు. గణతంత్రం తన బిడ్డలను తానే చంపుకోవడాన్ని అనుమతించలేమని 2011 జనవరిలో ధర్మాసనం వ్యాఖ్యానించింది. అదే ఏడాది ఏప్రిల్‌లో సీబీఐ దర్యాప్తునకు ఆదేశించింది. కాల్పులు జరిపినవారు, దర్యాప్తు చేయాల్సినవారు ఒకే శాఖవారైన కేసు ఇది. ఎన్‌కౌంటర్ నిజమైనదేనని 2012లో సీబీఐ నివేదించింది. ఆ ముగింపు పిటిషనర్లకు రుచించలేదు. అంతమాత్రాన కేసు మార్చడం తప్పనలేం. కోరిన ఫలితం దక్కుతుందని దర్యాప్తును మార్చరు. ఎవరి నేరాన్ని వారే విచారించుకోరాదన్న సూత్రం కోసం మారుస్తారు.

మంథని కేసులో జరిగిందేమిటి?

వామన్‌రావు దంపతుల కేసు ఈ రెండింటి మధ్య నిలుస్తుంది. హత్య చేసింది పోలీసులు కారు. అయితే 2020 మే నెలలో మంథని పోలీస్‌స్టేషన్‌లో ఓ వ్యక్తి మృతిచెందిన ఘటనపై హైకోర్టుకు వెళ్లినవారు ఈ దంపతులే. అప్పుడు హైకోర్టు ఆ విచారణను స్థానికులకు వదలకుండా హైదరాబాద్ పోలీస్ కమిషనర్‌కు అప్పగించింది. తొమ్మిది నెలలు తిరగకముందే దంపతులు హత్యకు గురయ్యారు. తాము ఎవరిపై ఫిర్యాదు చేశారో వారి ప్రాంతీయ యంత్రాంగమే తమ హత్యను దర్యాప్తు చేయవలసి వచ్చింది.

హత్య జరిగిన మరునాడే హైకోర్టు సుమోటోగా స్పందించి దర్యాప్తును పర్యవేక్షించింది. అదే ఏడాది పోలీసులు అభియోగపత్రం దాఖలు చేశారు. అయినా తండ్రికి నమ్మకం కుదరలేదు. కొన ఊపిరితో ఉన్న వామన్‌రావు చెప్పిన మాటలు దారిన పోయేవారి సెల్‌ఫోన్లలో నమోదయ్యాయి. ఆ కోణంలో దర్యాప్తు లోతుగా సాగలేదంటూ ఆయన సుప్రీంకోర్టు తలుపు తట్టారు. పోలీసులు నిజంగా తప్పు చేశారా లేదా అన్నది వేరే విషయం. సరిగ్గా చేసినా జనం నమ్మలేని స్థితిలో వారు ఉన్నారన్నదే ఇక్కడ కీలకం.

ఆలస్యమే అసలు శత్రువు

అలాంటి స్థితి 2021 ఫిబ్రవరిలోనే కనిపించింది. అప్పుడు కాక 2025లో కేసు మారడంతో కొత్త అధికారులకు చల్లారిన బూడిద మిగిలింది. సాక్షుల జ్ఞాపకాలు మసకబారుతాయి, ఫోన్ల సమాచారం చెరిగిపోతుంది, బెదిరింపులకు సమయం దొరుకుతుంది. 2007లో విజయవాడ సమీపంలోని ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో జరిగిన విద్యార్థిని హత్య కేసు ఇందుకు పెద్ద ఉదాహరణ. అందులో శిక్ష పడిన యువకుడిని 2017లో హైకోర్టు నిర్దోషిగా విడుదల చేసింది. 2018లో కేసు సీబీఐకి చేరేసరికి విజయవాడ కోర్టులోని కీలక ఆధారాలే ధ్వంసమై ఉన్నాయి.

పై ఉదంతాలు చెప్పేదొక్కటే. మృతుల పలుకుబడి, ధర్నాల జోరు, రాజకీయ పక్షాల డిమాండ్లు దర్యాప్తు మార్పునకు కొలబద్దలు కాకూడదు. దర్యాప్తు అధికారికీ, దర్యాప్తునకు గురయ్యేవారికీ మధ్య దూరం ఉందా లేదా అన్నదే కొలబద్ద కావాలి. ఆ దూరం లేదని ప్రాథమికంగా తేలితే హైకోర్టు తొలి వారాల్లోనే నిర్ణయం తీసుకోవాలి. ప్రతిసారీ సీబీఐయే అక్కరలేదు. లాకప్ మృతి విషయంలో చేసినట్లు ఇతర ప్రాంత అధికారికి అప్పగించవచ్చు. ఏది ఎంచుకున్నా ముందుగా వీడియోలు, ఫోన్ రికార్డులు, పోస్టుమార్టం నివేదికలను కోర్టు తన ఆధీనంలోకి తీసుకోవాలి.

న్యాయవాదుల కుటుంబానికే ఢిల్లీ దాకా వెళ్లి ఆదేశం తెచ్చుకోవడానికి ఏళ్లు పట్టింది. లింగాపూర్ గూడెంలోనో, మహదేవపూర్ అడవి పల్లెలోనో ఉన్న కూలీకి ఆ దారే తెలియదు. అందుకే ఈ నిర్ణయం బాధితుడి ఓపికపై కాక, కోర్టు తొలి రోజుల అప్రమత్తతపై ఆధారపడాలి.