మూడేళ్లుగా ఇడ్లీయే ఎందుకు తింటున్నానంటే

మా క్యాంటీన్‌లో దోశ బావుంటుందని అందరూ అంటారు. మూడేళ్లలో నేను తిన్నది నాలుగైదు సార్లే, అదీ పక్కన ఫ్రెండ్ ఎవడైనా ఉండి ఆర్డర్ చెప్పినప్పుడు. ఇడ్లీ అంటే నాకు ప్రాణమేం కాదు. "ఇ" నా నోట్లోంచి తేలిగ్గా వస్తుంది, "ద" రాదు. వెనక పదిమంది క్యూలో ఉండగా కౌంటర్ దగ్గర "ద... ద..." అంటూ నిలబడే కంటే చల్లారిన ఇడ్లీ తినడమే సుఖం అనిపిస్తుంది.

అవును, నాకు నత్తి. ఈ ఒక్క వాక్యం రాయడానికి మూడేళ్లు పట్టింది.

నత్తి అంటే చాలామందికి సినిమాల్లో చూసిందే తెలుసు. కమెడియన్ ఒక అక్షరం పట్టుకుని సాగదీస్తాడు, ఎదుటివాడు విసుక్కుంటాడు, హాలంతా నవ్వుతుంది. నేనూ నవ్వేవాణ్ణి, నవ్వకపోతే పక్కవాడు నా వైపు చూస్తాడేమోనని. అసలు నత్తిలో సగం బయటికి వినిపించదు. మాట గొంతు దాకా వచ్చి, ఎవరో తలుపేసినట్టు ఆగిపోతుంది. శబ్దమే ఉండదు. ఫోన్లో అయితే మరీ ఘోరం. డెలివరీ అతను "హలో, హలో, సిగ్నల్ లేదా సార్" అని పెట్టేస్తాడు. సిగ్నల్ ఫుల్లుగానే ఉంటుంది.

చిన్నపిల్లల్లో నూటికి సుమారు 5 మందికి ఏదో ఒక వయసులో నత్తి వస్తుంది. ఎక్కువమందికి దానంతటదే పోతుంది. పెద్దయ్యాక కూడా మిగిలేది దాదాపు 1 శాతం మందికి, వాళ్లలో మగవాళ్లే ఎక్కువ. మా కాలేజీలో మూడు వేల మంది ఉన్నారనుకుంటే లెక్క ప్రకారం ముప్ఫై మంది ఉండాలి. నాకు తెలిసింది నన్ను కలుపుకుని ఇద్దరే. మిగతావాళ్లు క్యాంటీన్‌లో ఏం తింటున్నారో!

భయపడటం వల్ల నత్తి వస్తుందని మా ఇంట్లో ఇప్పటికీ నమ్మకం. భయం ఉన్న నత్తిని పెంచుతుంది, నిజమే. కానీ పుట్టించేది అది కాదు. కుటుంబాల్లో తరతరాలుగా వచ్చే లక్షణమిది. దీనితో సంబంధమున్న జన్యువుల్ని కొన్నింటిని 2010 నుంచి గుర్తిస్తూ వచ్చారు. మా నాయనమ్మకి ఇవన్నీ తెలీవు పాపం. నాకు ఆరేళ్లు వచ్చేదాకా నాలుక మీద వస అరగదీసి రాసింది. వసపిట్టలా మాట్లాడతానని ఆవిడ ఆశ. ఆ చేదు మాత్రం ఇంకా గుర్తుంది.

స్కూల్లో ఇంకో తమాషా జరిగింది. క్లాసంతా కలిసి పద్యం చదివితే నాకు ఒక్క అక్షరం కూడా తడబడేది కాదు. పాటా అంతే. నత్తి ఉన్నవాళ్లలో చాలామందికి నలుగురితో కలిసి చదివినా, రాగం తీసినా మాట ఆగదు, ఇది అందరికీ తెలిసిన విషయమే. మా టీచరుకి తెలియదు. "పద్యం గడగడా చదువుతావు, లేపి ప్రశ్న అడిగితే మాత్రం నటిస్తావా?" అన్నారు. ఆ పీరియడ్ అంతా బెంచీ మీదే నిలబడ్డాను.

అక్కణ్ణుంచే మాట మార్చడం నేర్చుకున్నా. రాని మాట వస్తోందని రెండు మాటల ముందే తెలిసిపోతుంది, ఈలోగా ఇంకోటి వెతుక్కోవాలి. "పుస్తకం" రాకపోతే "బుక్కు", అదీ రాకపోతే "అదేరా, నిన్న ఇచ్చింది". ఈ క్లబ్‌లో నా పదసంపద బావుంటుందని ఎవరైనా అంటే దాని వెనక కథ ఇదన్నమాట. బస్సులో కూకట్‌పల్లి అనలేక జేఎన్‌టీయూ టికెట్ తీసుకున్న రోజులున్నాయి. మెట్రోలో మెషీన్ దగ్గర టికెట్ కొన్నప్పుడల్లా దానికో దండం పెట్టాలనిపిస్తుంది.

ఒకసారి మా అక్క పెళ్లిలో ఒక బాబాయ్ ఏ బ్రాంచ్ అని అడిగాడు. "మ" దగ్గర ఆగిపోయింది. చుట్టూ చుట్టాలు. "ఈసీఈ" అనేశాను. పాపం ఆయన గుర్తుపెట్టుకుని, రెండేళ్ల తర్వాత ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఇంటర్న్‌షిప్ ఉందని ఫోన్ చేశాడు. నేను మెకానికల్ అని నాన్న చెబితే, మీవాడు నాతో అబద్ధమెందుకు చెప్పాడని బాధపడ్డాడట. దానికి జవాబు ఇప్పటికీ ఇవ్వలేదు.

ఇక వైవా. ఎక్స్‌టర్నల్ థర్మోడైనమిక్స్ రెండో సూత్రం అడిగారు. రాత్రంతా చదివిందే. దానికి అందరూ చెప్పే స్టేట్‌మెంట్లు రెండు: కెల్విన్-ప్లాంక్, క్లాసియస్. రెండూ "క"తోనే! పది సెకన్లు చూసి, "పర్లేదు, రిలాక్స్, నెక్స్ట్" అన్నారు. ఆయన మంచాయనే, జాలిగానే అన్నారు. మార్కులు మాత్రం చదవనివాడికి వేసినట్టే వేశారు.

నా గొడవ ఇక్కడే. ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌లో కమ్యూనికేషన్ స్కిల్స్ అని చెప్పేదాంట్లో ముప్పాతిక వంతు గడగడా మాట్లాడటమే. గ్రూప్ డిస్కషన్‌లో మొదట అరిచినవాడికి మార్కులు. నోరున్నవాడిదే ఊరు అన్నది సామెతగా బావుంటుంది గానీ దాన్నే మార్కుల పద్ధతిగా పెట్టుకుంటే ఎలా? నాకు ప్రశ్న మార్చక్కర్లేదు, రాసిచ్చే వెసులుబాటూ అక్కర్లేదు. వైవాకి ముందు "నాకు కాస్త టైమ్ పడుతుంది" అని చెప్పుకునే వీలుండాలి, చెప్పాక ఆ టైమ్ ఇవ్వాలి. అంతే.

మా రూమ్మేట్ ఒప్పుకోడు. "క్లయింట్ కాల్‌లో ఎవడు ఆగుతాడ్రా?" అంటాడు. వాడు చెప్పేది తీసిపారేసేది కాదు, ఆగనివాళ్లు బోలెడుమంది ఉంటారు. కానీ కాలేజీయే ఆగకపోతే బయటివాళ్లు ఆగుతారని ఎలా అనుకోను? ఇంతా చేసి మామూలుగా నా మాట ఆగేది నాలుగు సెకన్లు. మన ల్యాబ్‌లో కంప్యూటర్ ఆన్ అవ్వడానికి ఇంతకంటే ఎక్కువ పడుతుంది, దాన్నెవరూ రిలాక్స్ అనరు.

తప్పు నాది కూడా ఉంది. సెకండియర్‌లో నాలుగు నెలలు స్పీచ్ థెరపీకి వెళ్లాను. మాటని మెత్తగా మొదలుపెట్టడం నేర్పించారు, కొంత పనికొచ్చింది. అంతకంటే ముఖ్యంగా, దాచడం మానమన్నారు. దాచేకొద్దీ భయం పెరుగుతుంది, భయంతో నత్తి పెరుగుతుంది. నేను మానలేదు. ఆ వైవాలో "సార్, నాకు నత్తి" అని ఒక్క ముక్క అని ఉంటే ఆయన ఆగేవారేమో.

మొన్న సెమినార్‌లో మాత్రం అన్నాను. స్లైడ్ పెట్టకముందే, "నాకు నత్తి ఉంది, కొంచెం ఓపిక పట్టండి" అని. పది నిమిషాల సెమినార్ పదిహేడు నిమిషాలు నడిచింది. వెనక బెంచీలో ఒకడు నవ్వాడు. మేడమ్ రెండుసార్లు వాచీ చూసుకున్నారు, ఆపమని మాత్రం అనలేదు. కెల్విన్-ప్లాంక్ నాలుగుసార్లు వచ్చింది, నాలుగుసార్లూ ఆగాను, నాలుగుసార్లూ అదే మాట అన్నాను.

బయటికి వస్తుంటే ఒక జూనియర్ కారిడార్‌లో ఆపాడు. "అన్నా, మీ ప... ప..." అని ఆగిపోయాడు. కళ్లు మూసుకున్నాడు, మెడ నరాలు బిగుసుకున్నాయి. నాకు అర్థమైంది. అర్థమై కూడా, ఎవరు చేసినా నేను తిట్టుకునే పనే చేశాను.

"పీపీటీయా? మెయిల్ చేస్తాలే."

వాడు తల అడ్డంగా ఊపాడు. ఆ మొహం నేను అద్దంలో చాలాసార్లు చూసుకున్నదే. "సారీ తమ్ముడూ, నువ్వే చెప్పు" అన్నాను. ఈసారి నోరు మూసుకుని నిలబడ్డాను.

వాడికి కావాల్సింది నా పేరు. అది కూడా "ప"తోనే మొదలవుతుంది, దానికి పర్యాయపదం లేదు. చెప్పడానికి నాకూ టైమ్ పట్టింది. వాడు ఆగాడు.