పెళ్ళికాని కూతురు కుంపటా?

ఏ వలీమా విందులోనైనా చూడండి. ఆడవారి వైపు దస్తర్‌ఖాన్ పరచి బిర్యానీ వడ్డించే లోపు ఒక ప్రశ్న తప్పకుండా వినిపిస్తుంది. "మీ పెద్దమ్మాయికి ఇంకా ఎక్కడా కుదరలేదా?" అడిగినావిడ మంచి మనసుతోనే అడిగి ఉండవచ్చు. కాని ఆ తల్లి తల దించుకుంటుంది. పక్కనే కూర్చున్న అమ్మాయి విననట్టు నటిస్తుంది. తర్వాతి పెళ్ళికి ఆమె రాదు. "తలనొప్పిగా ఉంది, మీరు వెళ్ళి రండి" అంటుంది. అలా రెండు మూడు పెళ్ళిళ్ళు మానేస్తే ఆ పిల్లకు గర్వమని, నలుగురిలో కలవదని మరో పేరు పెడతాం.

పెళ్ళికాని స్త్రీకి మనం పెట్టిన పేర్లు తక్కువేమీ కావు. తెలుగులో గుండెల మీద కుంపటి అన్నాం. మన ఇళ్ళల్లో 'ఉమర్ నికల్ గయీ' అన్నాం. చదువుకున్నదైతే చదువు తలకెక్కి ఎవరూ ఆనడం లేదన్నాం. ఉద్యోగం చేస్తే సంపాదన మరిగిందన్నాం. ఇంట్లోనే ఉంటే ఏదో లోపం ఉండే ఉంటుందన్నాం. ఈ మాటల్లో ఒక్కటైనా ఆమెను అడిగి తెలుసుకుని అన్నది కాదు. ఆమె బడి నుంచో ఆఫీసు నుంచో ఓ గంట ఆలస్యంగా వస్తే అరుగుల మీద పుట్టే మాటలు ఇంకా ఘోరం. శీలవతి అయిన స్త్రీ మీద నింద మోపి నలుగురు సాక్షులను తేలేని వారికి దివ్యఖుర్ఆన్ (24 : 4) ఎనభై కొరడా దెబ్బలు విధించింది. అలాంటి వారి సాక్ష్యాన్ని ఇక ఎన్నటికీ స్వీకరించవద్దంది. అంత గట్టి ఆజ్ఞ ఉన్న సమాజంలోనే ఆడపిల్ల పరువు ఇంత చవకైపోయింది.

మాకు తెలిసిన ఒక ఇల్లుంది. తండ్రి పోయేనాటికి ఆమెకు 22 ఏళ్ళు. మొదట కుట్టు మిషను తొక్కింది. తర్వాత ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి ఇద్దరు తమ్ముళ్ళను చదివించింది. చెల్లెలి నికాహ్ చేసింది. ఆ ఏళ్ళలో సంబంధాలు రాకపోలేదు. వచ్చిన ప్రతిసారీ జోడే కీ రఖమ్ ఇంత, బండికి ఇంత, ఫంక్షన్ హాలు మీదే అన్నారు. తల్లి వేళ్ళ మీద లెక్క వేసుకుని ఊరుకునేది. ఒకటి రెండుసార్లు ఏమీ అడగని వారూ వచ్చారు. అప్పుడు ఇంట్లోవారే తొందరపడలేదు. పెద్దది వెళ్ళిపోతే చిన్నవాడి ఫీజు ఎవరు కడతారు? ఈ సంగతి ఏ ఇంట్లోనూ పైకి చెప్పరు. ఇప్పుడామెకు నలభై దాటాయి. "ఆపా మొదటి నుంచీ పెళ్ళంటే ఇష్టపడలేదు" అని తమ్ముళ్ళు చుట్టాలతో చెబుతున్నారు. ఏళ్ళ తరబడి పొయ్యి వెలిగించిన మనిషినే కుంపటి అన్నారన్న మాట!

నికాహ్ ప్రవక్త (స) గారి సున్నత్ కాదా అని ఎవరైనా అడగవచ్చు. ముమ్మాటికీ సున్నతే. దాన్ని తక్కువ చేయాలన్నది మా ఉద్దేశం కాదు. అయితే సూరె నూర్ (24 : 32) మరొక్కసారి తెరిచి చూడండి. తోడు లేనివారికి వివాహాలు చేయండని అక్కడ ఆజ్ఞ ఉంది. అందులోని 'అయామా' అనే పదం ఆడవారికీ మగవారికీ సమానంగా వర్తిస్తుంది. వారు పేదవారైతే అల్లాహ్ తన అనుగ్రహంతో సంపన్నులను చేస్తాడని వెంటనే హామీ కూడా ఉంది. ఆ ఆజ్ఞ ఎవరికి? సంరక్షకులకు, సమాజానికి, అంటే మనకు. ఆజ్ఞ మనకైతే నింద మాత్రం ఆమెకెలా అంటగట్టాం?

పేదరికం అడ్డు కాకూడదని గ్రంథం చెప్పింది. మనం దాన్నే అడ్డుగోడగా కట్టాం. మహ్ర్ పురుషుడు స్త్రీకి మనస్ఫూర్తిగా ఇవ్వవలసినది (4 : 4). మనం ఆ సొమ్ముకు దారి తిప్పేశాం. కట్నాన్ని నిషేధిస్తూ దేశంలో చట్టం వచ్చింది 1961లో. తెలంగాణ ప్రభుత్వం 2014లో షాదీ ముబారక్ పథకాన్ని 51 వేల రూపాయలతో మొదలుపెట్టి, తర్వాత లక్షా నూట పదహారుకు పెంచింది. పేద తల్లిదండ్రులకు అది ఊరటే. కాని ఆ సొమ్మును చూసి వరుడి తరఫు వారు తమ లెక్క పెంచితే ఏ పథకం మాత్రం ఏం చేస్తుంది?

కుంపటి దించుకోవాలన్న ఆరాటం ఎంత దూరం తీసుకుపోతుందో 1991లో దేశమంతా చూసింది. హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళుతున్న విమానంలో ఏడుస్తున్న ఒక పసిపిల్లను ఎయిర్‌హోస్టెస్ గమనించింది. ఆ పిల్లను అరబ్బు దేశపు వృద్ధుడికి కట్టబెట్టి పంపుతున్నారు. ఆడపిల్ల ఇంట్లో ఉండటమే అవమానమని తల్లిదండ్రులకు నూరిపోసిన వారెవరూ ఆ విమానంలో లేరు. వారు మన వీధుల్లోనే ఉన్నారు.

మగవారికి మాత్రం మన కొలత వేరు. అబ్దుల్ కలాం గారు 1980లలో హైదరాబాదు క్షిపణి ప్రయోగశాలలో పనిచేశారు. 2002 నుంచి 2007 దాకా రాష్ట్రపతిగా ఉన్నారు. జీవితాంతం అవివాహితులే. దేశానికే జీవితాన్ని అంకితం చేశారని మన పిల్లలకు పాఠం చెబుతాం. చెప్పవలసిందే. మరి తమ్ముళ్ళకు జీవితాన్ని ధారపోసిన ఆడపిల్లకు ఆ మాటలో పావు వంతైనా దక్కిందా?

ఇదేదో కొత్త కాలపు వాదన అనుకునేవారికి కరీమా మర్వజియ్యా గురించి చెప్పాలి. హిజ్రీ 5వ శతాబ్దంలో మక్కాలో సహీహ్ బుఖారీని బోధించిన విదుషీమణి ఆమె. వివాహం చేసుకోలేదు. ఖతీబ్ బగ్దాదీ వంటి మహాపండితుడు హజ్‌కు వెళ్ళినప్పుడు ఆమె సన్నిధిలో కూర్చుని ఆ గ్రంథాన్ని అయిదు రోజుల్లో చదివి ముగించారు. ఆమెకు పెళ్ళెందుకు కాలేదన్నది ఆ విద్యార్థులకు పట్టలేదు. ఆమె చేతిలోని ప్రతి ఎంత నిర్దుష్టమైనదన్నదే వారికి కావలసింది.

మళ్ళీ ఆ ఇంటి సంగతికి వద్దాం. ఇప్పుడు తల్లి కూడా పోయింది. తమ్ముళ్ళు ఇల్లు పంచుకుంటున్నారు. పెళ్ళయిన చెల్లెలితో "నీ పెళ్ళికి ఖర్చుపెట్టాం కదా" అన్నారు. పెళ్ళి ఖర్చు వారసత్వానికి బదులు కాదని వారికి తెలియదా? పెద్దామెతో ఆ మాట అనడానికీ వీల్లేదు. అందుకని "ఆపా మా దగ్గరే ఉంటుంది, ఆమెకు వేరే వాటా ఎందుకు?" అన్నారు. తల్లిదండ్రులు వదిలి వెళ్ళినది కొంచెమైనా ఎక్కువైనా అందులో స్త్రీలకు భాగం ఉందని ఖుర్ఆన్ (4 : 7) అంటుంది. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. ఆరు వాటాలు వేస్తే కొడుకులకు రెండేసి, కూతుళ్ళకు ఒక్కొక్కటి. కూతురికి పెళ్ళయిందా లేదా అన్న ప్రశ్నే ఆ లెక్కలో లేదు.

ఆమె అడగలేదు. అడిగితే ఈ వయసులో ఆస్తి మీద ఆశేమిటంటారని భయం. పంపకం కాగితం మీద సాక్షి సంతకాలకు మొహల్లా పెద్దలను ఇద్దరిని పిలిచారట. ఆ ఇద్దరూ ప్రతి శుక్రవారం ముందు వరుసలో నమాజు చదివేవారే. సంతకం పెట్టే ముందు ఆడపిల్లల రెండు వాటాలు ఎక్కడున్నాయని వారు అడుగుతారా, లేదా అని మేము ఎదురుచూస్తున్నాం.