సుగ్గికి పోయిన పదో తరగతి

పది ఫలితాలు రాగానే మా ఆదోని ప్రాంతపు ప్రభుత్వ బడులు వెనకబడ్డాయని అందరూ అయ్యవార్లను తిడతారు. ఆ బడుల్లో చదివేది ఎవరి పిల్లలో మాత్రం అడగరు. కాస్త స్తోమత ఉన్న రైతులం మా పిల్లలను ప్రైవేటు బడి బస్సెక్కించాం. ఇందులో సంఘం నాయకులమూ ఉన్నాం. జిల్లా పరిషత్ హైస్కూల్లో మిగిలింది రెండెకరాల మెట్ట ఉన్నవాళ్ల, కౌలుదారుల, కూలీల పిల్లలు.

వానలు మోసం చేసిన ఏడాది దీపావళి దాటగానే ఆ ఇళ్లకు తాళాలు పడతాయి. పత్తి తీతకు, ఆపైన మిరప కోతకు గుంటూరు వైపు సుగ్గికి పోతారు. కోత ముమ్మరంగా ఉండేది ఫిబ్రవరి, మార్చిలో. పది పరీక్షలూ మార్చిలోనే. పత్తికి కిలోల లెక్కన కూలి, కాబట్టి పదిహేనేళ్ల పిల్ల చేతులూ ఇంటికి కావాలి. హాజరు పట్టీలో పేరుంటుంది, బెంచీ మీద పిల్ల ఉండదు. అయ్యవారు పాఠం ఎవరికి చెప్పాలి?

సీజనల్ హాస్టళ్లు ఉన్నాయంటారు. బండి కదిలిపోయాక తెరిస్తే ఎవరికి పనికొస్తాయి? దసరాకే తెరవాలి, ఆఖరి పరీక్ష దాకా నడపాలి, ఆడపిల్లలకు విడిగా ఉండాలి. ఊళ్లో ఉపాధి పని కూలి ఆలస్యం కాకుండా అందాలి.

గుంటూరు, పల్నాడు మిరప రైతు సోదరులకూ ఒక మాట. మీకు గిట్టుబాటు లేదని మాకు తెలుసు. అయినా కోతకొచ్చిన గుంపులో బడి ఈడు పిల్ల కనిపిస్తే చేతికి సంచి ఇవ్వకండి, మాకు కబురు చెయ్యండి.