బాలబాలికల మానసికారోగ్యము – బడుల బాధ్యత

పరీక్షాఫలితములు వెలువడు దినము తెలుగునాట పండుగదినమైనను కావలయును, పాడుదినమైనను కావలయును. నడిమి స్థితి యనునది లేకుండ మనమే చేసికొంటిమి. ఉత్తీర్ణులైనవారి ఛాయాచిత్రములు వీధికూడళ్లలో వ్రేలాడుచుండ, తప్పినవాని యింట తలుపులు మూతపడుచున్నవి. జాతీయ నేర నమోదు సంస్థవారి లెక్కల ననుసరించి 2022వ సంవత్సరమున దేశమంతట 13,044 మంది విద్యార్థులు తమ ప్రాణములను తామే తీసికొనిరి. ఈ మరణములన్నియు పరీక్షల మూలముననే కలిగినవని మేము చెప్పము. ఇట్టి దుఃఖమునకు ఏదో యొక్క కారణమును చూపుట సత్యమును కాదు, ధర్మమును కాదు. కాని దినమునకు 35 మందికి తక్కువగాక విద్యార్థులను పోగొట్టుకొనుచున్న దేశమున, పాఠములు చెప్పుటతోనే తన బాధ్యత తీరినదని యే బడియు ననుకొనుటకు వీలులేదు.

2019 ఏప్రిలు మాసమును మనము మరువరాదు. ఆ యేడు తెలంగాణమున ఇంటర్మీడియటు ఫలితములు వెలువడిన పిమ్మట కొలది దినములలోనే ఇరువదిమందికి పైగా విద్యార్థులు మరణించిరి. ఫలితములలో దోషములు దొరలినవని ఆందోళన చెలరేగగా ప్రభుత్వము త్రిసభ్యసంఘమును నియమించెను. తప్పినవారి జవాబుపత్రముల నన్నిటిని మరల పరిశీలింపవలసి వచ్చెను. తెలుగు పరీక్షలో సున్న వచ్చినదని ప్రకటింపబడిన యొక బాలికకు నిజముగా వచ్చినవి 99 మార్కులని తేలెను. పునఃపరిశీలనమున వేయిమందికి పైగా ఉత్తీర్ణులైరి. అంకెలలోని తప్పును దిద్దుట కుపాయము కలదు. గతించిన ప్రాణమును మరల తెచ్చుట కుపాయము లేదు. నాటి చర్చ యంతయు మార్కుల లెక్కలచుట్టును తిరిగినది. అంతకంటె పెద్దప్రశ్న మిగిలిపోయినది: ఆ అంకెను చూచిన పిల్లవానికి ఆనాటి సాయంకాలము తన బాధ చెప్పుకొనుటకు బడి తరఫున ఒక్క మనిషియైన నుండెనా?

ఈ ప్రశ్నకు 2025 జూలై 25వ తేదీని సుప్రీంకోర్టువారు కొంత సమాధానము చెప్పిరి. వైద్యవిద్యా ప్రవేశపరీక్షకై విశాఖపట్టణమున చదువుచుండిన యొక బాలిక 2023లో మరణించిన యుదంతమే ఆ వ్యాజ్యమునకు మూలము. న్యాయమూర్తులు విక్రమ్ నాథ్, సందీప్ మెహతా గార్లు దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించుటయే గాక, 15 మార్గదర్శక సూత్రములను విధించిరి. తగిన శాసనము వచ్చువరకు అవి దేశమంతట పాటింపదగినవి. నూరుగురు గాని అంతకు మించి గాని విద్యార్థులు గల ప్రతి సంస్థయు శిక్షణ పొందిన కౌన్సెలరునో మనస్తత్వ నిపుణునో నియమింపవలెను, మార్కులనుబట్టి పిల్లలను వేర్వేరు తరగతులుగా విడదీయరాదు, నలుగురిలో అవమానింపరాదు, సిబ్బంది కందరకును ఏటికి రెండుసార్లైన శిక్షణ నీయవలెను. ఈ సూత్రములు ఎంతయు హర్షింపదగినవి. ఐనను నూరుగురికి లోబడిన బడుల విషయమున కోర్టువారు విధించినది బయటి నిపుణులతో సంబంధ మేర్పరచుకొనుట మాత్రమే. మన పల్లెలలోని చిన్నబడులలో నూరుగురు పిల్లలు గలవి యెన్ని? పైగా దేశమున లక్షజనమునకు ఒక్క మనోవైద్యుడైనను లేడు. అట్టియెడ పల్లెటూరి బడి యే నిపుణునితో సంబంధము పెట్టుకొనును?

ప్రాణహాని వార్తలలో కెక్కును గనుక దానినే చూచుచున్నాము. దానికి క్రింద కంటికి కానరాని బాధ మిక్కిలి విస్తారముగా నున్నది. 2015–16లో జరిగిన జాతీయ మానసికారోగ్య పరిశీలనమున 13 మొదలు 17 ఏండ్ల వయసువారిలో నూటికి ఏడుగురికి పైగా చికిత్స నీయదగిన మానసిక వ్యాధితో నున్నట్లు తేలినది. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలివారు 2022లో ప్రకటించిన పరిశీలనము 3,79,842 మంది విద్యార్థులను ప్రశ్నించినది. చదువు, పరీక్షలు, ఫలితములు తమ యాందోళనకు హేతువులని నూటికి 81 మంది చెప్పిరి. మనోవ్యాధులలో సగము 14 ఏండ్లు నిండకమునుపే అంకురించునని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి వాక్యము. కావున ఈ సమస్యకు తగిన స్థలము ఆసుపత్రికంటె ముందు బడియే. ఐతే బడిలో చేయవలసిన దేమి? ఎవరు చేయవలెను? దీనికి ఊహలతో పనిలేదు. పరిశోధకులు బడులలోనే పరీక్షించి చూచియున్నారు.

ప్రాచీన విద్యాపీఠమువలన ప్రసిద్ధికెక్కిన నలందా పేరుగల బీహారు జిల్లాలో, 74 ప్రభుత్వ ఉన్నత పాఠశాలలను తీసికొని ‘సెహర్’ అను ప్రయోగము జరిగినది. దానిని నడపినది గోవాలోని సంగాత్ సంస్థ. ఒకే కార్యక్రమమును కొన్ని బడులలో ఉపాధ్యాయులకును, మరికొన్నింట ఆ పనికే ప్రత్యేకముగా నియమింపబడిన స్థానికులకును అప్పగించిరి. తక్కిన బడులలో యథాపూర్వపు పాఠములే సాగినవి. ఆ స్థానికులు వైద్యులు కారు, మనస్తత్వ పండితులు కారు. కొలదికాలము శిక్షణ పొందినవారు మాత్రమే. పిల్లలు తమ మొరలను వ్రాసి వేయుటకు పెట్టె నుంచుట, గోడపత్రిక నడపుట, ప్రార్థనాసమావేశములలో ప్రసంగించుట, తోటివారిని వేధించుటను మాన్పు నియమములు చేయుట, బాధపడు పిల్లవానితో ఏకాంతమున మాటాడుట – ఇవి వారి పనులు. 2018లో లాన్సెట్ పత్రికయందు ఫలితములు ప్రకటింపబడినవి. ప్రత్యేక వ్యక్తి యున్న బడులలో వాతావరణము బాగుపడెను; పిల్లలలో దిగులును, వేధింపులును, దౌర్జన్యమును తగ్గెను. ఉపాధ్యాయులే నడపిన బడులలో మాత్రము అట్టి ఫలితము కానరాలేదు.

ఐరోపాఖండమున 10 దేశములలో, 168 బడులలో, 11,110 మంది విద్యార్థులపై జరిగిన ‘సేల్’ అను ప్రయోగము చెప్పునదియు ఇంచుమించుగ ఇదియే. అచ్చట మూడు పద్ధతులను పోల్చి చూచిరి: ఆపదలోనున్న పిల్లలను గుర్తించుటకు ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చుట యొకటి, ప్రశ్నపత్రముద్వారా జల్లించి నిపుణులయొద్దకు పంపుట రెండవది, పిల్లలకే తమ మనస్సునుగూర్చియు, తోటివాని కష్టమునుగూర్చియు చర్చించుకొను అవకాశమును కల్పించుట మూడవది. 2015లో వెలువడిన ఫలితముల ప్రకారము ఏడాది గడచిన పిమ్మట మూడవ పద్ధతియే నిలిచినది. ఆత్మహత్యా యత్నములు వేయింటికి 15 నుండి 7కు దిగినవి. తక్కిన రెంటివలన చెప్పుకోదగిన భేదము కలుగలేదు. యునైటెడ్ కింగ్డమున 85 బడులను తీసికొని, వానిలో కొన్నింట ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చి, 11 మొదలు 13 ఏండ్ల పిల్లలకు తరగతిలో ఏకాగ్రతాభ్యాసము నేర్పించి చూచిరి. 2022లో తేలినదేమన, మామూలు బోధనకంటె దానివలన అధికలాభము లేదు. ధ్యానమును మేము నిందించుట లేదు. సదుద్దేశము వేరు, సత్ఫలితము వేరు అని మాత్రమే చెప్పుచున్నాము. ఒక గంట మోగించి పిల్లలనందరను కన్నులు మూసికొమ్మన్నంతమాత్రమున మనశ్శాంతి పాఠ్యక్రమములో చేరదు.

ఈ వెలుగున మన ప్రభుత్వవిధానమును పరిశీలింతము. ఆయుష్మాన్ భారత్ క్రింద 2020 ఫిబ్రవరిలో ఆరంభింపబడిన పాఠశాలారోగ్య కార్యక్రమము ప్రకారము బడికి ఇద్దరు ఉపాధ్యాయులను ఆరోగ్యదూతలుగ నెన్నుకొని, 11 విషయములను బోధింపజేయవలెను. అందు మానసికారోగ్య మొకటి. ఉద్దేశము మంచిదే. కాని నలందాలో ఫలింపని మార్గముమీదనే భారమంతయు మోపబడినది. ఇందు ఉపాధ్యాయుల తప్పేమియు లేదు. పాఠములు చెప్పుట, ఎన్నికల పనులు, జనాభా లెక్కలు, మధ్యాహ్నభోజనపు పద్దులు – ఇన్నియు నెత్తిన పెట్టుకొన్నవాడు ఏ క్షణమున పిల్లవాని కన్నీరు తుడుచును? ఇంకొక సూక్ష్మము కలదు. మార్కులు వేయు చేతికి, శిక్షించు నోటికి పిల్లవాడు తన గుట్టును చెప్పజాలడు. 2009 నాటి విద్యాహక్కు శాసనపు 17వ విభాగము దేహదండనను, మానసిక హింసను నిషేధించినది. అది శాసనగ్రంథమున నున్నంతమాత్రమున తరగతిగదిలో భయము పోలేదని తలిదండ్రు లందరెరుగుదురు.

ఖర్చెక్కడిదని ప్రభుత్వమువారు ప్రశ్నింపవచ్చును. బడికొక మనోవైద్యుని నియమింపుమని మే మడుగుట లేదు. అది జరుగని పని. చిన్నబడుల సమూహమునకు, అనగా ప్రతి స్కూలు కాంప్లెక్సునకు, ఆ ప్రాంతపు యువతినో యువకునో ఒకరిని ఈ పనికే నియమింపవలెను. వారికి తగిన శిక్షణయు, నెలనెల పర్యవేక్షణయు, కడుపు నిండు జీతమును ఉండవలెను. వారి శక్తికి మించిన రోగిని 1996 నుండి నడచుచున్న జిల్లా మానసికారోగ్య కార్యక్రమమునకు అప్పగించు దారి తెరచియుండవలెను. 2022 అక్టోబరు 10వ తేదీని ప్రారంభమైన టెలి మానస్ వారి 14416 అను ఫోను సంఖ్య ప్రతి బడిగోడపైన, ప్రతి వసతిగృహపు ద్వారముపైన కనబడవలెను. మన విశ్వవిద్యాలయములు ఊరకుండరాదు. రెండు రాష్ట్రములలోను కొన్ని మండలములలో ఈ యేర్పాటును ముందుగ నెలకొల్పి, లేనివానితో పోల్చి, ఫలించినదో లేదో నిర్భయముగ ప్రకటింపవలెను. ఫలింపనిచో దిద్దుకొనవలెను. పరిశోధన లేని యాచరణ గ్రుడ్డిది. ఆచరణ లేని పరిశోధన కుంటిది.

తుదకు మన పాఠకులతోను ఒకమాట చెప్పవలసియున్నది. నీరుపట్టు ఎకరము నమ్మి బిడ్డను పట్టణపు వసతి కళాశాలలో చేర్చిన తండ్రి ప్రేమను మేము శంకింపము. కాని ఆ యెకరపు వెలను బిడ్డ తలపై అప్పుగ వ్రాయరాదు. వాడు తప్పినచో మేలోనే మరల పరీక్ష కలదు. అదియు తప్పినచో వేరొక చదువు, వేరొక వృత్తి కలవు. కళాశాలలో చేర్చునాడు ర్యాంకు లెన్ని వచ్చినవని యడుగు తలిదండ్రులు, కౌన్సెలరు పేరేమి, పిల్లవాడు రాత్రి ఎన్నిగంటలు నిద్రించును, ఆదివార మాటకు సెలవున్నదా యని కూడ నడిగినచో, కోర్టు తీర్పు చేయజాలని పనిని వారి ప్రశ్నలు చేయును. డబ్బు చెల్లించువాడు అడుగనిది అమ్మువాడు తానై యీయడు.

సుప్రీంకోర్టువారు సూత్రములు చెప్పిరి. పరిశోధకులు దారి చూపిరి. మిగిలినది ప్రభుత్వముల సంకల్పము, బడుల నిజాయితీ, తలిదండ్రుల సహనము. రాబోవు బడ్జెట్టులలో ఈ పద్దు క్రింద ఎంత సొమ్ము కేటాయింపబడునో, ఎన్ని మండలములలో ఎందరు నియమితు లగుదురో – దానినిబట్టియే మన నాయకుల సానుభూతిని కొలువదలచినాము. పాఠకులును అట్లే కొలుతురుగాక.